పాత కారు హీటెక్కుతోందా? రేడియేటర్ మార్చేముందు ఇవి చూసుకోండి

మార్చి దాటితే చాలు, నన్ను అడిగేది ఒకటే మాట: "బండి హీటవుతోంది, రేడియేటర్ మార్చాలంటున్నారు, మార్చెయ్యమంటారా?" బండి పేరే మారుతుంది. ఒకరిది మారుతీ 800, ఇంకొకరిది ఓమ్నీ, మరొకరిది ఇండికా. నేను చెప్పేదీ మారదు: ఇంకా ఏమీ కొనకండి. అది ఎప్పుడు, ఎక్కడ హీటవుతోందో ముందు గుర్తు తెచ్చుకోండి. సగం రోగం అక్కడే దొరుకుతుంది. రేడియేటర్ మార్చి, వాటర్ బాడీ (నీళ్లని తిప్పే పంపు) మార్చి, అయినా టెంపరేచర్ మీటరు ముల్లు మళ్లీ అక్కడికే పోతోందని తల పట్టుకునేవాళ్లలో ఎక్కువమంది ఈ పని చెయ్యకుండా డబ్బు తీసినవాళ్లే.

ముల్లు ఎప్పుడు లేస్తోంది?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనో, విజయనగరం గంటస్తంభం దగ్గరో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు లేచి, హైవే ఎక్కగానే దిగిపోతోందంటే అనుమానం ఫ్యాన్ మీద. బండి పరుగులో ఉంటే గాలి దానంతటదే రేడియేటర్‌కి తగులుతుంది. ఆగితే ఫ్యానే దిక్కు.

అలా కాకుండా ఊళ్లో బాగానే ఉండి, రణస్థలం దాటి ఎనభైలో పోతున్నప్పుడో, ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడో లేస్తోందంటే నీళ్లు కావలసినంత తిరగడం లేదన్నమాట. రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉండొచ్చు, బెల్టు జారుతుండొచ్చు, రేడియేటర్ కింది హోస్ పైపు మెత్తబడి లోపలికి నొక్కుకుపోతుండొచ్చు.

పొద్దున్న స్టార్ట్ చేసిన ఐదు పది నిమిషాలకే ఎక్కిపోతే నీళ్లయినా లేవు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వు) అయినా తెరుచుకోవడం లేదు, లోపల గాలయినా నిలిచిపోయింది. ఈ మూడూ కాదని తేలాకే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్‌కీ దాని పైభాగమైన హెడ్‌కీ మధ్య ఉండే ప్యాకింగ్) గురించి ఆలోచించాలి.

తాళం తిప్పగానే, ఇంజన్ స్టార్ట్ కాకముందే ముల్లు పైకి పోతే అది వేడి కాదు, వైరింగ్. చాలా పాత బండ్లలో టెంపరేచర్ సెన్సార్ వైరు పీకితే ముల్లు కిందికి పడిపోవాలి. పడిపోతే సెన్సార్ పోయింది, పడకపోతే ఆ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది.

ఒక జాగ్రత్త. హీటెక్కుతున్న బండిలో ముల్లు ఉన్నట్టుండి పడిపోతే సంబరపడకండి. నీళ్లు బాగా తగ్గిపోయి సెన్సార్‌కి తగలకపోతే మీటరు చల్లగానే చూపిస్తుంది. వెంటనే ఆపెయ్యండి.

కావలసినవి

ఐదు లీటర్ల మంచి నీళ్లు (ఏ నీళ్లో కింద చెబుతాను), మీ బండికి చెప్పిన రకం కూలెంట్ (రేడియేటర్‌లో పోసే రంగు ద్రవం), స్పానర్ సెట్టు, స్క్రూడ్రైవర్, క్లిప్పుల కోసం కటింగ్ ప్లేయర్, వెడల్పాటి బేసిన్, గరాటు, పాత తువ్వాలు, టార్చి లైటు, పెద్ద అట్టముక్క, జానెడు వైరు ముక్క. థర్మోస్టాట్ పరీక్షకి పాత గిన్నె, నీళ్ల వేడి వంద డిగ్రీల దాకా చూపించే థర్మామీటరు. జ్వరం చూసేది పనికిరాదు.

మొదలుపెట్టే ముందు

వేడి మీద రేడియేటర్ మూత తియ్యకండి. లోపల ప్రెజర్ ఉంటుంది కాబట్టి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆగి ఉంటాయి. మూత తిప్పారంటే ఆ ప్రెజర్ పోయి ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతాయి. తడిగుడ్డ వేసి తిప్పితే ఏమీ కాదని చెప్పేవాళ్ల మాట వినొద్దు. పై హోస్ పైపుని చేత్తో తీరిగ్గా పట్టుకోగలిగినప్పుడే మూత తియ్యాలి. అందుకు ముప్పావుగంట పట్టినా పట్టొచ్చు.

కరెంటు ఫ్యాన్ ఇంజన్ ఆపాక కూడా తిరగొచ్చు. దాని దగ్గర చెయ్యి పెట్టేటప్పుడు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసెయ్యండి. పాత కూలెంట్‌ని వాకిట్లో పారబొయ్యకండి. తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలూ దూడలూ నాకుతాయి. డబ్బాలోకి పట్టి, పాత ఆయిల్ తీసుకునే మెకానిక్ షెడ్డులో ఇవ్వండి.

1. పొద్దున్నే మూత తీసి చూడండి

రాత్రంతా నిలిపిన బండి, ఇంజన్ చల్లగా ఉండాలి. చూడాల్సింది పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా కాదు, రేడియేటర్ మూత. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. డబ్బా నిండా నీళ్లుంటాయి, రేడియేటర్ సగం ఖాళీగా ఉంటుంది. మూత లోపల వాల్వు పనిచెయ్యకపోతే డబ్బాలోని నీళ్లు వెనక్కి రావు మరి. మూత తీసి వేలు పెడితే గొంతు దగ్గరే నీళ్లు తగలాలి. కొన్ని బండ్లకి రేడియేటర్ మీద మూతే ఉండదు, డబ్బాకే ప్రెజర్ మూత ఉంటుంది. అలాంటప్పుడు డబ్బా మీది గీతలే లెక్క.

తర్వాత రంగు. పచ్చగానో ఎర్రగానో నీలంగానో తేటగా ఉంటే సరే. తుప్పు రంగులో ఉంటే ఏళ్లతరబడి వట్టి నీళ్లతో తిప్పారని అర్థం. గొంతు చుట్టూ తెల్లగా పొర కట్టి ఉంటే బోరు నీళ్లు.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మన వైపు బండ్లు చెడేది ఎక్కువగా ఈ నీళ్లతోనే. సముద్రానికి దగ్గరగా ఉన్న చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పు నీళ్లే. హీటర్ రాడ్డు మీద తెల్లగా పేరుకుపోయేది చూశారు కదా, అదే రేడియేటర్ సన్న గొట్టాల లోపలా పేరుకుంటుంది. పైకి రేడియేటర్ కొత్తగానే కనిపిస్తుంది, లోపల దారి సగం మూసుకుపోతుంది. కాబట్టి బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి. అది దొరక్కపోతే ఆర్వో నీళ్లు. రోడ్డు మీద చిక్కుకుంటే ఏ నీళ్లయినా పొయ్యండి, తప్పదు. కానీ ఇంటికొచ్చాక అవి తీసేసి మంచివి పోసుకోండి. పెట్రోలు బంకులో పైపు కనిపించిందని వారానికోసారి నింపుకోవడం మాత్రం మానండి.

2. లీకు పట్టుకోండి

సాయంత్రం ఇంజన్ కింద అట్టముక్క పరిచి, పొద్దున్న చూడండి. తడి ఎక్కడుందో దానికి సరిగ్గా పైన వెతకాలి. ఏసీ నడిపాక ముందు సీటు కింది భాగం నుంచి కారే రంగులేని నీళ్లు లీకు కాదు, ఏసీ నీళ్లు. దానికి టెన్షన్ పడొద్దు.

తడి కనిపించకపోతే మరక కోసం చూడండి. కూలెంట్ వేడికి ఆరిపోయి పచ్చగానో తెల్లగానో పొడి మిగులుస్తుంది. హోస్ పైపుల చివర్లు, క్లిప్పుల కింద, రేడియేటర్‌లో ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంకి అతుక్కున్న అంచు, వాటర్ బాడీ కింద చిన్న రంధ్రం, ఇంజన్ పక్కన గుండ్రటి రేకు బిళ్లలు (కోర్ ప్లగ్గులంటారు), అన్నీ టార్చి వేసి చూడండి. వాటర్ బాడీ రంధ్రంలోంచి కారుతోందంటే లోపల సీలు పోయింది. ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసినవాళ్లని చూశాను. అలా మూస్తే నీళ్లు బేరింగులోకి పోతాయి. లోపల కాళ్ల దగ్గర మ్యాటు తడిగా ఉండి, తియ్యటి వాసన వస్తే హీటర్ లీకు.

హోస్ పైపుని చల్లగా ఉన్నప్పుడు పిండి చూడండి. చిటపటమన్నా, పగుళ్లు తేలినా, మరీ మెత్తగా జారినా మార్చాలి. పైదీ కిందదీ కలిపి మార్చండి, కొత్త క్లిప్పులతో. పాత క్లిప్పుని ప్లేయర్‌తో బిగించి సరిపెట్టుకోవడం చివరికి ఘాట్ మీద తెలుస్తుంది.

లీకుకి పసుపు పొయ్యమని లారీ డ్రైవర్లు చెబుతారు. ఒక్కోసారి ఆగుతుంది కూడా. కానీ లీకుని మూసే పసుపు రేడియేటర్ సన్న గొట్టాలనీ మూస్తుంది. షాపులో అమ్మే లీకు పౌడర్లదీ అదే కథ. ఇల్లు చేరడానికి తప్పదంటే వాడి, వెంటనే కడిగించండి.

3. మూత

అన్నిటికన్నా చవక, అందరూ చివర్లో చూసేది. మూత అడుగున రబ్బరు గట్టిపడిందా, చిట్లిందా? స్ప్రింగు నొక్కితే తిరిగి వస్తోందా? మధ్యలోని చిన్న వాల్వుని గోటితో లాగి వదిలితే మూసుకుంటోందా? ఏ ఒక్కటి అనుమానంగా ఉన్నా కొత్తది వెయ్యండి. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. అదే అంకె కొనాలి. ఎక్కువ అంకె మంచిదనుకుని వేస్తే పాత రేడియేటర్, పాత పైపులు ఆ ప్రెజర్‌కి తట్టుకోవు.

చల్లారాక కింది హోస్ చప్పగా నొక్కుకుపోయి, మూత తియ్యగానే మళ్లీ ఉబ్బితే తప్పు మూతదే, లేదా డబ్బాకి పోయే సన్న గొట్టం మూసుకుపోయింది.

4. బెల్టు, వాటర్ బాడీ

ఇంజన్ ఆపి బెల్టుని మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కండి. చాలా పాత బండ్లలో సెంటీమీటరు అటూ ఇటూ లోపలికి పోవాలి. అంతకన్నా పోతే జారుతుంది. ఏమాత్రం పోకపోతే బేరింగులు పాడవుతాయి. బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తుంటే అది జారుతున్న బెల్టే. కొన్ని ఇంజన్లలో వాటర్ బాడీని తిప్పేది లోపలి టైమింగ్ బెల్టు. అలాంటి దాన్ని మీరు విప్పకండి. పుల్లీని చేత్తో ఊపితే ఆడినా, తిరిగేటప్పుడు గరగరమన్నా వాటర్ బాడీ మార్చాల్సిందే.

5. ఫ్యాన్

మూత బిగించి, బండిని నిలబెట్టి ఇంజన్ తిప్పండి. ముల్లు మధ్యకి చేరి కాస్త దాటేలోపు ఫ్యాన్ అందుకోవాలి, కాసేపటికి ఆగాలి, మళ్లీ అందుకోవాలి. అందుకోకపోతే వరసగా ఇలా వెళ్లండి:

ముందు ఫ్యూజు. తర్వాత రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే చిన్న డబ్బా లాంటి స్విచ్), పక్కన అదే రకం హారన్ రిలేయో లైటు రిలేయో ఉంటే మార్చి పెట్టి చూడండి. తర్వాత ఫ్యాన్ స్విచ్. రేడియేటర్ మీదో ఇంజన్ మీదో రెండు వైర్లతో ఉంటుంది. దాని కనెక్టర్ పీకి, ఆ రెండు వైర్లనీ మీ దగ్గరున్న వైరు ముక్కతో కలపండి, తాళం ఆన్‌లో పెట్టండి. ఫ్యాన్ తిరిగితే స్విచ్ పోయింది. తిరక్కపోతే ఫ్యాన్ మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడండి. అప్పుడూ తిరక్కపోతే మోటారే. కంప్యూటర్ మీద నడిచే కొత్త తరం బండ్లకి ఈ వైరు చిట్కా వాడకండి.

ఫ్యాన్ తిరుగుతోంది కదా అని వదిలెయ్యకండి. మోటారు మార్చినప్పుడు వైర్లు తారుమారైతే ఫ్యాన్ ఉల్టా తిరుగుతుంది. గాలిని ఇంజన్ వైపు లాగాల్సింది పోయి ముందుకు తోస్తుంది. బండి ఆగి ఉన్నప్పుడు కాగితం ముక్క ఒకటి ముందు జాలీ దగ్గర పెట్టండి. రేడియేటర్ వైపు లాక్కుని అతుక్కోవాలి. ఎగిరి మీ వైపు వస్తే వైర్లు మార్చండి. చిన్న పరీక్షే కానీ దీనితో తేలిపోయిన కేసులు తక్కువేం కాదు.

స్విచ్ పోతే ఫ్యాన్‌ని డైరెక్ట్ చేసేస్తామంటారు. స్విచ్ దొరికేదాకా నాలుగు రోజులకైతే సరే. అలాగే ఉంచేస్తే మోటారు త్వరగా పోతుంది, పోయిన సంగతి కూడా మీకు తెలీదు. అంబాసిడర్, జీపు లాంటి వాటికి ఫ్యాన్‌ని ఇంజనే తిప్పుతుంది; అక్కడ రెక్కలు విరిగాయేమో, బెల్టు జారుతోందేమో చూస్తే చాలు.

6. థర్మోస్టాట్

దీని గురించి మన మెకానిక్‌లతో ఎప్పుడూ ఒకటే గొడవ. "తీసి పారేద్దాం బాబూ, మన ఎండలకి అదెందుకు? ఏటీ అవ్వదు" అంటారు. అవుతుంది. ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుతుంది. పైగా కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడే పక్కదారి మూసుకుంటుంది. దాన్ని తీసేస్తే వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కి పోకుండా ఇంజన్‌లోనే తిరుగుతుంది. చల్లదనం కోసం తీసినది హైవే మీద హీట్ తెచ్చిపెడుతుంది. పాత బండి కొన్నారంటే లోపల థర్మోస్టాట్ ఉందో లేదో ముందు చూడండి.

పరీక్ష: చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి పై హోస్ మీద చెయ్యి పెట్టండి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, ఆ తర్వాత గబుక్కున వేడెక్కాలి. మొదటి నిమిషం నుంచీ మెల్లగా వేడెక్కుతూ పోతే థర్మోస్టాట్ లేదు, లేదా తెరిచే ఉండిపోయింది. ముల్లు పైకి పోతున్నా పైపు చల్లగానే ఉంటే మూసుకుపోయింది.

బయటికి తీస్తే గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి, అడుగుకి తగలకుండా కాచండి. దాని మీదే డిగ్రీలు చెక్కి ఉంటాయి, చాలావాటికి 82 లేదా 88. ఆ అంకె దగ్గర తెరుచుకోవడం మొదలై, ఇంకో పది పదిహేను డిగ్రీలకి పూర్తిగా తెరుచుకోవాలి. చల్లారితే మూసుకోవాలి. బిగించేటప్పుడు స్ప్రింగు ఉన్న వైపు ఇంజన్‌లోకి, చిన్న గాలి రంధ్రం పైకి ఉండాలి. ఉల్టా బిగిస్తే కొత్తది కూడా పనిచెయ్యదు. ప్యాకింగ్ కొత్తది వెయ్యండి.

7. రేడియేటర్

ముందు బయట. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో టార్చి వేసి చూడండి. సరుగుడు ఆకులు, పురుగులు, దుమ్ము కలిసి దుప్పటి పరిచినట్టు పట్టేసి ఉంటాయి. తోటల మధ్య తిరిగే బండ్లకి ఇది మరీ ఎక్కువ. తోట పైపుతో ఇంజన్ వైపు నుంచి ముందుకి, నెమ్మదిగా నీళ్లు కొట్టండి. సర్వీసింగ్ షెడ్డులో ప్రెజర్ గన్‌తో కొట్టిస్తే రెక్కలు వంగిపోతాయి. బారువ, కళింగపట్నం వైపు ఉప్పుగాలికి రెక్కలు పొడిగా రాలుతుంటాయి. వేలితో రుద్దితే రాలిపోయే రేడియేటర్‌ని కడిగి లాభం లేదు.

తర్వాత లోపల. ఇంజన్ వేడెక్కి, ఆపాక, బ్యాటరీ వైరు తీసి, రేడియేటర్ ముఖం మీద అక్కడక్కడా చేత్తో తాకి చూడండి. వేడి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి కొద్దికొద్దిగా తగ్గాలి. మధ్యలో ఎక్కడైనా చల్లటి మచ్చ తగిలితే అక్కడ గొట్టాలు పూడుకుపోయాయి. నీళ్లు తీసేసి, కింది పైపు నుంచి పైకి మంచి నీళ్లు తేటగా వచ్చేదాకా పంపండి. అప్పటికీ తగ్గకపోతే రాగి రేడియేటర్ అయితే రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి పూడిక తియ్యడం) చేసే షాపుకి ఇవ్వండి. అల్యూమినియం, ప్లాస్టిక్ ట్యాంకుల రకం అయితే రాడింగ్‌కి డబ్బులు పెట్టకుండా కొత్తది కొనడమే నయం. రేడియేటర్ మార్చెయ్యమంటారా అన్న ప్రశ్నకి అవునని నేను చెప్పేది ఇక్కడ.

8. నింపడం, గాలి తియ్యడం

రిపేరంతా సరిగా చేసి ఈ ఒక్కచోట తొందరపడితే బండి మళ్లీ హీటవుతుంది. రెడీమిక్స్ కూలెంట్ అయితే నీళ్లు కలపకండి. కలిపే రకం అయితే డబ్బా మీద రాసిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్‌తో బయటే కలిపి పొయ్యండి. రెండు రకాల కూలెంట్లు కలపొద్దు. రంగు ఒకటైనా రకం ఒకటి కాకపోవచ్చు.

బండి ముక్కు పైకి ఉండేలా కొంచెం ఎత్తు మీద నిలపండి, హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకి రాళ్లు పెట్టండి. హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పండి. ఇంజన్ మీద గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చెయ్యండి. మెల్లగా నింపి, మూత పెట్టకుండా స్టార్ట్ చెయ్యండి. బుడగలు వస్తాయి, మట్టం దిగుతుంది, మళ్లీ పొయ్యండి. మధ్యమధ్యలో పై హోస్‌ని పిండండి. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు ఒక్కసారిగా దిగుతుంది. అప్పుడు నింపి, పొంగకముందే మూత బిగించండి.

9. హెడ్ గ్యాస్కెట్ అనుమానం

పైవన్నీ సరిగా ఉండి, లీకు లేకుండా నీళ్లు తగ్గుతుంటేనే ఇక్కడికి రండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు, వేడెక్కకముందే హోస్ పైపులు బిగుసుకుపోవడం, ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్‌లోంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ, డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద పాలు కలిసిన టీ రంగులో ఆయిల్: వీటిలో రెండు కనిపిస్తే బండి నడపకండి. చలికాలం పొద్దున్న కాసేపు వచ్చి ఆగిపోయే ఆవిరి దీని కింద లెక్క కాదు.

గ్యాస్కెట్ ఒక్కటీ మార్చి బిగించేస్తామంటే ఒప్పుకోకండి. హెడ్‌ని లేత్ షాపుకి పంపి వంపు చూపించాలి, అవసరమైతే ఫేసింగ్ కొట్టించాలి, అంటే ముఖం చదును చేయించాలి. హీటెక్కిన హెడ్ వంగి ఉంటే కొత్త గ్యాస్కెట్ మళ్లీ పోతుంది.

దారిలో హీటయితే

ముందు ఏసీ ఆపండి, హీటర్ పూర్తిగా పెట్టి అద్దాలు దించండి. ఎండాకాలంలో నరకమే, కానీ ఇంజన్‌లోని వేడిని కొంత బయటికి లాగుతుంది. పక్కకి తీసి ఆపండి. ఆవిరి రాకుండా, నీళ్లు పోకుండా, ఫ్యాన్ తిరుగుతూ ఉంటే ఇంజన్‌ని కాసేపు అలాగే నిదానంగా తిరగనివ్వండి. ఆవిరి వస్తున్నా, ముల్లు చివరికి చేరినా వెంటనే ఆపెయ్యండి. ఇంజన్ మీద చల్లటి నీళ్లు కుమ్మరించకండి, హెడ్ పగులుతుంది. చల్లారాక మూత తీసి, ఇంజన్ తిరుగుతుండగా కొద్దికొద్దిగా పొయ్యండి.

ఘాట్ ఎక్కేటప్పుడు పై గేరులో గింజుకోనివ్వకండి. గేరు దించితే ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది, వాటర్ బాడీ కూడా వేగంగా తిరుగుతుంది.

బాగయిందో లేదో

చల్లగా ఉన్నప్పుడు డబ్బా మీద నీళ్ల మట్టానికి మార్కర్‌తో గీత పెట్టండి. ఊళ్లో ఓ అరగంట, ఆ తర్వాత హైవే మీద మడపాం టోల్ గేటు దాకానో నాతవలస టోల్ గేటు దాకానో పోయి రండి. వచ్చాక ఏసీ వేసి పావుగంట నిలబెట్టండి. ముల్లు తన చోటు నుంచి కదలకూడదు, ఫ్యాన్ అందుకోవాలి. మర్నాడు పొద్దున్న గీత చూడండి. మొదటి రోజు కొంచెం దిగితే అది లోపల మిగిలిన గాలి బయటికి వచ్చి. నింపి మళ్లీ గీత పెట్టండి. రెండో రోజూ మూడో రోజూ దిగుతూనే ఉంటే రెండో మెట్టుకి, అక్కడ ఏమీ దొరక్కపోతే తొమ్మిదో మెట్టుకి వెళ్లండి. ఆ సంగతి తేలేదాకా అనంతగిరి వైపు ప్రయాణం పెట్టుకోకండి.